పొలం మీది, సబ్సిడీ మాత్రం కౌలుదారుది

ప్రశ్న: మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. ఇద్దరం హెచ్1బీ మీదే ఉన్నాం. కాలిన్ కౌంటీ ఉత్తరాన 32 ఎకరాల పొలం బేరానికి వచ్చింది. ఇప్పుడు అందులో గోధుమ వేస్తున్న రైతుకే కౌలుకి వదిలేయొచ్చని, పైగా ఏటా ప్రభుత్వం ఫార్మ్ సబ్సిడీ ఇస్తుందని ఏజెంట్ అంటున్నారు. ఊళ్లో నాన్నగారికి రైతుబంధు పడేది కాబట్టి నిజమే అనిపిస్తోంది. ఆ డబ్బు నమ్ముకుని లోన్ తీసుకోవచ్చా?

జవాబు: వద్దండీ. రైతుబంధుతో పోల్చుకోవడమే ఇక్కడ ఇబ్బంది. తెలంగాణలో ఆ డబ్బు పట్టాదారు పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే వాళ్లకే పడింది, కౌలు రైతుకు పైసా రాలేదు. అమెరికాలో దాదాపు తలకిందులు. పీఎల్‌సీ (ధర పడితే ఇచ్చేది), ఏఆర్‌సీ (ఆదాయం తగ్గితే ఇచ్చేది) అనే రెండు ప్రధాన పథకాల డబ్బు పంట నష్టాన్ని ఎవరు మోస్తే వాళ్లది. ఎకరానికి ఇంత అని డాలర్లలో కౌలు మాట్లాడుకుంటే నష్టం కౌలుదారుది, చెక్కు కూడా ఆయనదే. పంటలో వాటా తీసుకునే పద్ధతిలో మాత్రమే యజమానికీ వాటా ఉంటుంది.

అదీ ఏటా రాదు. ధర గానీ ఆదాయం గానీ నిర్ణయించిన మట్టం కంటే పడిపోయిన ఏడాదే వస్తుంది, అదీ మరుసటి ఏడాది అక్టోబర్ తర్వాత. లెక్క కట్టేది ఈ ఏడు వేసిన పంట మీద కాదు, ఆ పొలానికి పాత రికార్డుల్లో ఉన్న 'బేస్ ఎకరాల' మీద. అవి మొత్తం పదెకరాలు దాటకపోతే, కొత్త రైతుల వంటి కొందరికి తప్ప, చెల్లింపే ఉండదు. ఈ పథకాలు నడిపేది అమెరికా వ్యవసాయ శాఖలోని ఎఫ్‌ఎస్‌ఏ అనే విభాగం. అమ్మేవాళ్లను దాని ఎఫ్‌ఎస్‌ఏ-156ఈజెడ్ అనే కాగితం అడగండి. బేస్ ఎకరాలు ఎన్నో అందులోనే ఉంటాయి. ఆ కాగితం చూపించకుండా సబ్సిడీ గురించి చెప్పే ఏజెంట్ మాట పక్కన పెట్టేయండి.

మీ విషయంలో ఇంకో మెలిక ఉంది. పౌరసత్వమో గ్రీన్ కార్డో లేనివాళ్లు ఈ చెల్లింపులు పొందాలంటే భూమి, పెట్టుబడితో పాటు స్వయంగా చెప్పుకోదగ్గ శ్రమ కూడా పెట్టాలి. హెచ్1బీ మీద ఉండి ట్రాక్టర్ ఎక్కితే వీసా టెన్షన్ వేరే. కాబట్టి పంటలో వాటా పద్ధతికి మారినా మీకు ఒరిగేది లేదు.

మరి డాలస్ లాంటి నగరాల చిరునామాలకు సబ్సిడీ చెక్కులు వెళ్తున్నాయని విన్నారేమో, నిజమే. పొలం ఎక్కడో ఉంటుంది, వాటాదారు నగరంలో ఉంటారు. వాళ్లూ పంట నష్టంలో భాగం పంచుకునేవాళ్లే, లేదా సాగు ఆపి భూమిని గడ్డికి వదిలే సీఆర్‌పీ ఒప్పందం చేసుకున్నవాళ్లు.

మీకు నిజంగా కలిసొచ్చేది టెక్సస్ ఆస్తిపన్నులో 'ఏజీ ఎగ్జెంప్షన్'. పేరుకే మినహాయింపు, అసలు జరిగేది భూమిని మార్కెట్ ధరకు కాకుండా సాగు విలువకు లెక్కగట్టడం. ఫ్రిస్కో చుట్టూ ఇళ్లు లేవబోయే స్థలాల్లో నాలుగు ఆవులు మేస్తుంటాయే, వాటి రహస్యం ఇదే. నన్నడిగితే నగర కౌంటీలో అసలు పెద్ద సబ్సిడీ ఇది. కానీ యజమాని మారితే మళ్లీ దరఖాస్తు పెట్టాలి, ఏప్రిల్ 30 లోపు. రేపు ప్లాట్లు వేస్తే గడిచిన మూడేళ్ల పన్ను తేడా వెనక్కి కట్టాలి. 2019కి ముందు ఇది ఐదేళ్లు, 2021 దాకా పైగా వడ్డీ కూడా ఉండేది.

లోన్ లెక్కలో కౌలు ఒక్కటే రాయండి. ఆశపడి కౌలు పెంచమంటారేమో, ఆ రైతు తనకొచ్చే సబ్సిడీని చూసుకునే ఈ రేటుకు ఒప్పుకుని ఉంటారు. అంటే అందులో కొంత మీకు ఈపాటికే అందుతున్నట్టే.

ఒకటి మాత్రం మర్చిపోవద్దు. గ్రీన్ కార్డు లేనివాళ్లు పదెకరాలు మించి సాగుభూమి కొంటే 90 రోజుల్లోపు అమెరికా వ్యవసాయ శాఖకు ఎఫ్‌ఎస్‌ఏ-153 ఫారంలో తెలియజేయాలి. లేదంటే జరిమానా భూమి విలువలో 25 శాతం దాకా వెళ్లొచ్చు. టైటిల్ కంపెనీ (కొనేటప్పుడు ఆస్తి హక్కు కాగితాలు చూసే సంస్థ) గుర్తు చేస్తుందిలే అని ఊరుకోకండి, రిజిస్ట్రేషన్ అయిన వారంలోనే మీరే కౌంటీ ఎఫ్‌ఎస్‌ఏ ఆఫీసుకి వెళ్లి ఆ పని చూసుకోండి.