పుట్టినరోజు: తిథా, తారీఖా?

ప్రశ్న: మా నానమ్మ పింఛను కాగితాల్లో పుట్టిన తేదీ 1946 జులై 1 అని ఉంది. ఆవిడేమో "వ్యయ నామ సంవత్సరం, రథసప్తమి నాడు పుట్టానే" అంటుంది. ఆవిడ పుట్టినరోజు ఇంతవరకు ఎవరూ చేయలేదు. ఎనభై నిండే రోజున చేయాలని ఉంది. ఏది లెక్క?
— ఒక మనవరాలు, తణుకు

జవాబు: నానమ్మ మాటే లెక్క. ఆ తరంలో చాలామందికి జులై 1 అనేది బడిలోనో ఆఫీసులోనో ఎవరో రాసేసిన తేదీ. పండగనాటి పుట్టుక మాత్రం ఇంట్లో వాళ్ళు మరచిపోరు.

ఇక ఏడాది సంగతి. చాలామంది పొరబడేది ఇక్కడే. పంచాంగంలో పట్టిక చూసి, వ్యయ అంటే 1946 అని రాసుకుంటారు. తెలుగు సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది కదా, వ్యయ 1947 మార్చి దాకా నడిచింది. రథసప్తమి వచ్చే మాఘం పదకొండో నెల. కాబట్టి ఆ రథసప్తమి వచ్చింది 1947 జనవరి చివరి వారంలో. మాఘ, ఫాల్గుణాల్లో పుట్టినవాళ్ళందరికీ ఇలా ఒక ఏడాది కలుపుకోవాలి.

ఆవిడకు ఎనభై నిండేది 2027 ఫిబ్రవరిలో వచ్చే రథసప్తమికి. అప్పుడు జనవరి, ఇప్పుడు ఫిబ్రవరి ఏమిటంటారా? 2026లో అధిక జ్యేష్ఠం, అంటే అదనపు నెల, వచ్చి తర్వాతి పండగలన్నిటినీ ముందుకు నెట్టింది. ఇంకో మాట కూడా చెప్పాలి. పౌర్ణమి నుంచి పౌర్ణమికి సుమారు 29.53 రోజులు, అంటే వెయ్యి పౌర్ణములకు దాదాపు 80 ఏళ్ళ 10 నెలలు. మీ నానమ్మ పుట్టాక వచ్చిన మొదటి పౌర్ణమి నుంచి లెక్కిస్తే వెయ్యోది 2027 కార్తీక పౌర్ణమి అవుతుంది. వెయ్యి పున్నములు చూసినవాళ్ళకు చేసే సహస్ర చంద్ర దర్శన శాంతి చేయించే ఆలోచన ఉంటే పురోహితుడితో ఇప్పుడే మాట్లాడుకోండి. ఎనభై నిండగానే చేసే ఇళ్ళూ ఉన్నాయి, మీ ఇంటి ఆనవాయితీ కనుక్కోండి.

పింఛను తేదీని మాత్రం కదపకండి. ఆధార్‌లో ఒకటి, పింఛనులో ఇంకొకటి అయితే ఆవిడే తిరగాల్సి వస్తుంది.

సంవత్సరం పేరు కూడా గుర్తులేని పెద్దవాళ్ళను "ఎప్పుడు పుట్టావు?" అని అడిగితే లాభం లేదు. "నువ్వు పుట్టినప్పుడు పొలంలో ఏం పని జరుగుతోందట? పోలీసు చర్య నాటికి నడుస్తున్నావా? దివిసీమ ఉప్పెన నాటికి నీ పెద్దపిల్లకు ఎన్నేళ్ళు?" అని అడగండి. హైదరాబాద్ సంస్థానంపై పోలీసు చర్య 1948 సెప్టెంబరు, దివిసీమ ఉప్పెన 1977 నవంబరు. ఇలాంటివి రెండు మూడు దొరికితే ఏడాది తేలుతుంది.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా అబ్బాయికి తిథి చూసి ఫోన్ చేస్తే, "నా పుట్టినరోజు వచ్చేవారం కదా అమ్మా" అంటాడు. ఇది ఏటా ఎందుకు మారుతుంది?
— ఒక తల్లి, హనుమకొండ

జవాబు: చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులే. అందుకే తిథి ఏటా సుమారు 11 రోజులు వెనక్కి జరుగుతుంది, అధికమాసం రాగానే ఒక్కసారి ముందుకు గెంతుతుంది. 19 ఏళ్ళకు 235 చాంద్రమాసాలు దాదాపు సరిపోతాయి కాబట్టి 19, 38, 57వ ఏళ్ళు నిండేటప్పుడు తిథీ తారీఖూ కలుస్తాయి, లేదంటే ఒక రోజు తేడా. అధికమాసంలో పుట్టినవాళ్ళు మామూలు ఏడాదిలో అదే పేరున్న నెలలో చేసుకుంటారు.

ఇంకొకటి. అబ్బాయి అక్కడ పూజ చేసుకుంటే డాలస్ సూర్యోదయానికి ఉన్న తిథే చూడాలి. చలికాలంలో మనకూ వాళ్ళకూ పదకొండున్నర గంటల తేడా. ఇక్కడి క్యాలెండరు పెట్టుకుంటే ఒక్కోసారి రోజు తప్పుతుంది. తిథినాడు దీవించండి, తారీఖునాడు మళ్ళీ ఫోన్ చేయండి. రెండుసార్లు తలుచుకుంటే బిడ్డకు బరువా?

ప్రశ్న: పుట్టినరోజు నాడు నువ్వులు, బెల్లం కలిపి ఇచ్చే పాలు మా ఇంట్లో ప్రతిసారీ విరుగుతున్నాయి.
— ఒక గృహిణి, కర్నూలు

జవాబు: కాగుతున్న పాలలో బెల్లం వేస్తున్నట్టున్నారు. బెల్లంలోని పులుపుకు వేడిపాలు విరుగుతాయి. కాచి, గోరువెచ్చగా అయ్యాక వేయండి. అర కప్పు పాలకు ఒక చెంచా బెల్లం తురుము, అర చెంచా నువ్వులు చాలు. ఈ పాలు తాగేటప్పుడు చదివే శ్లోకంలో ఉన్న కొలత కూడా అర దోసెడే. తలంటు అయ్యాక, మార్కండేయుణ్ణీ అశ్వత్థామ మొదలైన ఏడుగురు చిరంజీవులనూ తలుచుకుని తాగిస్తారు.

ప్రశ్న: వాట్సాప్ గ్రూపులో ఎనభై మంది పూలబొమ్మలు పెట్టారు. అయినా మనసు నిండలేదు. నాదే అత్యాశా?
— ఒక విశ్రాంత ఉద్యోగి, సికింద్రాబాద్

జవాబు: అత్యాశ కాదండీ. మన దీవెన తీరు చూడండి. పెద్దవాళ్ళు తలమీద అక్షింతలు వేసి "నిండు నూరేళ్ళు చల్లగా ఉండు" అంటారు. చెయ్యి తలను తాకుతుంది, కోరిక ఆ ఒక్కరి కోసమే. పుట్టినరోజు నాడు మనిషి ఎదురుచూసేది తనను ఎవరు గుర్తుపెట్టుకున్నారా అనే. పూలబొమ్మ ఎవరికైనా సరిపోతుంది, అందుకే అందులో మీరు కనిపించలేదు.

చెప్పేవాళ్ళకు ఒక పద్ధతి: మామయ్యా, బాబాయ్ అని వరసతో పిలవండి, గడిచిన ఏడాదిలో వాళ్ళకు జరిగింది ఒకటి చెప్పండి, దాన్ని పట్టుకునే రాబోయే ఏడాదికి కోరుకోండి. "మామయ్యా, మోకాలి ఆపరేషన్ తర్వాత మళ్ళీ మేడ మెట్లెక్కారట. వచ్చే ఏడు మీ కాళ్ళతో మీరే తిరుమల మెట్లెక్కాలి." ఇంత చాలు. గుంపులో కాదు, విడిగా పంపండి. ఫోనైతే మరీ మంచిది, గొంతు వినబడుతుంది. పొద్దున అందరూ చేస్తారు, మీరు సాయంత్రం చేయండి.

ఈ ఏడాదే భార్యనో భర్తనో పోగొట్టుకున్నవాళ్ళ దగ్గర జాగ్రత్త. ఏడాది లోపు చాలా ఇళ్ళలో వేడుక చేయరు కాబట్టి ఆ రోజు ఫోను అసలు మోగదు. "శుభాకాంక్షలు" అనడానికి నోరు రాకపోతే అనకండి. "బాబాయ్, ఇవాళ నీ పుట్టినరోజని గుర్తొచ్చి చేశాను, భోంచేశావా?" అనండి.