ఎలుకల మీద పీహెచ్‌డీ: చేరేముందు గైడ్‌ని ఏం అడగాలి?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. రొయ్యల చెరువులు చేస్తాను. మా అమ్మాయి ఎం.ఫార్మసీ ఫార్మకాలజీ పూర్తిచేసింది. ఇప్పుడు ఎలుకల్లో దీర్ఘకాలిక మూత్రాశయ వాపు మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. మూగజీవాల్ని బాధపెట్టే చదువేమిటని వాళ్లమ్మ గొడవ. దీనికి భవిష్యత్తు ఉందా, కంపెనీ ఉద్యోగంలో చేరమనడం మేలా?

జవాబు: ముందు జబ్బు సంగతి చెబుతాను. మాటిమాటికీ మూత్రం వస్తుంది, మూత్రాశయం నిండే కొద్దీ పొత్తికడుపులో నొప్పి. ఇన్ఫెక్షనేమో అని మూత్రం కల్చర్ పరీక్ష చేయిస్తే ఏ సూక్ష్మజీవీ కనిపించదు. అయినా యాంటీబయాటిక్ కోర్సులు మింగుతూ ఏళ్లు గడిపేసేవాళ్లు, అందులోనూ ఆడవాళ్లు, చాలామందే. డాక్టర్లు దీన్ని ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ అంటారు, బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్ అని కూడా. మూలకారణం ఇప్పటికీ తేలలేదు. రోగి డాక్టర్ దగ్గరికి వచ్చేసరికే జబ్బు ముదిరి ఉంటుంది కాబట్టి అది ఎలా మొదలవుతుందో మనుషుల్లో చూడటం కష్టం. జంతువుల అవసరం అక్కడ వస్తుంది.

ఎలుకలో ఈ జబ్బు లాంటిది తెప్పించి చూస్తారు, దాన్నే మోడల్ అంటారు. అందుకు ఎక్కువ ల్యాబుల్లో వాడేది సైక్లోఫాస్ఫమైడ్. ఇది క్యాన్సర్ మందు. శరీరంలో దీన్నుంచి ఎక్రోలిన్ అనే పదార్థం తయారై, మూత్రంలో చేరి, మూత్రాశయం లోపలి పొరను కాల్చేస్తుంది. క్యాన్సర్ రోగులకు ఆ ముప్పు తప్పించడానికే మెస్నా అనే మందు ఇస్తారు. ఎలుకకు ఒకేసారి పెద్ద మోతాదు ఇస్తే వాపు ఉవ్వెత్తున వస్తుంది. కిలో బరువుకు 75 మిల్లీగ్రాముల చొప్పున మూడు రోజులకోసారి పది రోజులపాటు ఇస్తే వాపు కొనసాగుతుంది. దీన్నే దీర్ఘకాలిక మోడల్‌గా వాడతారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఎలుక మూత్రాశయం రక్తమోడుతుంది. మన రోగుల్లో చాలామందికి కెమెరా పెట్టి చూసినా లోపల పెద్దగా ఏమీ కనిపించదు. 1915లో గై హన్నర్ అనే డాక్టర్ వర్ణించిన పుండ్లు కొందరిలోనే ఉంటాయి. అంటే ఎలుకలో మనం చేసింది గాయం, రోగిది నొప్పి. మీకు తెలిసిన సంగతే: రొయ్య గట్టుకు చేరిందంటే ఆక్సిజన్ పడిపోయి చేరిందా, వైట్‌స్పాట్ వైరస్ జబ్బు వచ్చి చేరిందా అన్నది తేల్చుకోకుండా మందు చల్లితే డబ్బు దండగ. ఎలుకలో పనిచేసిన మందులు మనిషి దగ్గర చతికిలబడటానికి ఇదొక పెద్ద కారణం.

వేరే దారులూ ఉన్నాయి. ప్రోటమీన్ సల్ఫేట్ అనే రసాయనంతో మూత్రాశయం లోపలి రక్షణ పూతను దెబ్బతీసి చూస్తారు. నీళ్ల మధ్య చిన్న దిమ్మ మీద ఎలుకను రోజుకో గంట చొప్పున పది రోజులు నిలబెడతారు. ఏ రసాయనమూ లేకుండా, ఒత్తిడి వల్లే మూత్రాశయం సున్నితమైపోతుంది. నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది పిల్లుల సంగతి. వాటికి ఇలాంటి జబ్బు సహజంగానే వస్తుంది. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన టోనీ బఫింగ్టన్ బృందం, పిల్లి ఉండే పరిసరాల్లో ఒత్తిడి తగ్గిస్తే లక్షణాలు తగ్గుతాయని చూపించింది.

కాబట్టి మీ అమ్మాయి గైడ్‌ని అడగాల్సిన మొదటి మాట: ఈ మోడలే ఎందుకు? 'మా ల్యాబ్‌లో అందరూ ఇదే చేస్తారమ్మా' అన్న జవాబు వస్తే నాకైతే అనుమానమే. రెండోది, నొప్పిని ఎలా కొలుస్తారు? పొత్తికడుపు మీద వాన్ ఫ్రే తంతువులనే సన్నటి పోగులతో తాకి ఎలుక ఉలిక్కిపడుతుందా అని చూడటం, పంజరం కింద ఫిల్టర్ పేపర్ పరిచి మూత్రపు మచ్చల్ని అతినీలలోహిత కాంతిలో లెక్కించడం, సిస్టోమెట్రీ (మూత్రాశయం నిండేటప్పుడు లోపలి ఒత్తిడిని కొలవడం) ఇవన్నీ నేర్చుకుంటే అది చేతిలో ఉండే పని. మూత్రాశయం బరువు తూచి, రెండు స్లైడ్లు చూసి థీసిస్ కట్టేస్తే ఇంటర్వ్యూలో తేలిపోతుంది. ఈ జబ్బు ఎక్కువగా ఆడవాళ్లది కాబట్టి, వాడేవి ఆడ ఎలుకలా, మగవా అన్నదీ అడగమనండి.

మీ ఇంటావిడ గారి బాధను కొట్టిపారేయకండి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 1998 నిబంధనల ప్రకారం ఎనిమల్ హౌస్‌కి, అంటే ప్రయోగాల జంతువుల్ని ఉంచే చోటుకి, రిజిస్ట్రేషన్ ఉండాలి, ప్రతి ప్రయోగానికీ ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. ఎన్ని జంతువులు, ఎందుకు, బాధ ఏ స్థాయికి చేరితే ప్రయోగం ఆపాలి అన్నవి ముందే రాసివ్వాలి. నొప్పి మీద పరిశోధన కాబట్టి నొప్పి మందు ఇస్తే ఫలితం చెడిపోతుంది. ఆ ఇరకాటం రోజూ ఉంటుంది. ముందుగా కొన్ని వారాలు ఎనిమల్ హౌస్‌లో పనిచేసి చూడమనండి. మనసు ఒప్పకపోతే ఇది ఆమె దారి కాదు. అందులో చిన్నతనమేమీ లేదు.

భవిష్యత్తు అంటారా, ఉంది, కాకపోతే ఎలుకల పని ఒక్కటే నమ్ముకుంటే కష్టం. 2022 చివర్లో అమెరికా, 2023లో మన దేశం కొత్త మందుల పరీక్షలకు జంతువులు లేని పద్ధతుల్ని కూడా అనుమతిస్తూ నిబంధనలు మార్చాయి. పీహెచ్‌డీలోనే సెల్ కల్చర్ (ల్యాబ్‌లో కణాల్ని పెంచడం), ఆర్గనాయిడ్లు (కణాలతో పెంచే బుల్లి అవయవ నమూనాలు) నేర్చుకుంటే హైదరాబాద్ జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో రెండు రకాల పనికీ పనికొస్తుంది.

డబ్బు విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతాను. సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. అలాంటి ఫెలోషిప్ ఏదీ లేకుండా మీ చెరువుల ఆదాయం మీద నాలుగైదేళ్లు నడిచే పీహెచ్‌డీకి నేను ఒప్పుకోను. రొయ్య ధర ఎప్పుడెలా ఉంటుందో మీకు నేను చెప్పాలా! ఫెలోషిప్ వచ్చేదాకా టాక్సికాలజీ, అంటే మందుల విషప్రభావ పరీక్షలు, చేసే కంపెనీలో చేరమనండి. అక్కడ పనిచేస్తూనే నెట్ రాయొచ్చు, ఆ అనుభవం తర్వాత పీహెచ్‌డీకీ కలిసొస్తుంది.