నీ స్టేట్‌మెంట్ మూడో పేరాలో మొదలవుతోంది

తల్లీ,

బ్రిటన్ యూనివర్సిటీల్లో స్టాటిస్టిక్స్ సీటు కోసం దరఖాస్తుతో పెట్టడానికి నువ్వు రాసి పంపిన పర్సనల్ స్టేట్‌మెంట్ రెండుసార్లు చదివాను. మొదటిసారి, నిజం చెప్పొద్దూ, ఇది ఎవరు రాశారా అనిపించింది. "చిన్నప్పటి నుంచి నాకు అంకెలంటే ప్రాణం" అట! ఏడో తరగతి లెక్కల పరీక్ష రోజు పొద్దున్నే నీకు వచ్చిన దొంగ జ్వరం నేనింకా మర్చిపోలేదు.

మూడో పేరాకి వచ్చేసరికి మాత్రం నువ్వు కనిపించావు. బస్సు రోజూ ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వస్తోందో నెలరోజులు రాసిపెట్టుకున్నానని అక్కడ ఒక వాక్యం ఉంది. ఒక్కటంటే ఒక్కటే. ఆ వెంటనే "దీనివల్ల నా విశ్లేషణా నైపుణ్యాలు పెరిగాయి" అంటూ మళ్లీ ఊకదంపుడు. నేను ఫోన్ చేసి గుచ్చి గుచ్చి అడిగితే గానీ అసలు సంగతి బయటపెట్టలేదు నువ్వు. 22 రోజుల లెక్కలో ఒక్కరోజు బస్సు చెడిపోయి గంటన్నర లేటయింది. ఆ ఒక్కరోజు దెబ్బకి సగటు ఆలస్యం ఎనిమిది నిమిషాలకు ఎక్కింది. మధ్యగతం, అంటే ఆలస్యాలన్నీ వరసగా పేర్చితే నడిమధ్యన వచ్చేది, తీస్తే నాలుగే. అక్కడితో ఆగకుండా ఇంకో మాట అన్నావు: "ఆ చెడిపోయిన రోజే పరీక్ష ఉన్నవాడికి మధ్యగతంతో ఏం పని, పెదనాన్నా?"

ఆ ప్రశ్న రాయి. స్టాటిస్టిక్స్ ఎందుకు చదవాలనుకుంటున్నావని వాళ్లు అడిగేదానికి నీ జవాబు అదే. దాని ముందున్న రెండు పేరాలూ కొట్టెయ్. బాధగా ఉంటుంది, వాటికి వారం పట్టిందని అన్నావు. అయినా కొట్టెయ్.

ఇలాంటి ఉపోద్ఘాతాలు అందరికీ ఒకేలా వస్తాయి. 2007లో యూకాస్ వాళ్లు, అదే, అక్కడి యూనివర్సిటీల దరఖాస్తులు తీసుకునే సంస్థ, వేల స్టేట్‌మెంట్లు పోల్చి చూస్తే, ఎనిమిదేళ్ల వయసులో పైజామాకి చిల్లు పడేలా కాల్చుకున్నామని 234 మంది రాశారట! అందరి పైజామాలూ అలా కాలి ఉంటాయంటావా? ఇప్పుడు వచ్చిన ప్రతి స్టేట్‌మెంటునీ పాతవాటితో సాఫ్ట్‌వేర్ పోల్చి చూస్తుంది. ఏఐతో రాయించడం గురించి కూడా అడిగావు కదా. తప్పులు చూపించమని అడిగితే తప్పులేదు. మొత్తం దానితో రాయించి నీ పేరు పెట్టుకుంటే మాత్రం యూనివర్సిటీలు మోసంగా లెక్కగట్టవచ్చు. అదీగాక దానికి నీ బస్సు సంగతి ఎలా తెలుస్తుంది?

నియమాలు మారాయి, చూసుకో. 2026లో చేరేవాళ్ల దగ్గర నుంచి ఒకే పెద్ద వ్యాసం లేదు. మూడు ప్రశ్నలు ఉంటాయి: ఈ సబ్జెక్టు ఎందుకు, నీ చదువు నిన్ను దీనికి ఎలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశావు, అది ఎందుకు పనికొస్తుంది. మూడూ కలిపి 4,000 అక్షరాలు, ఖాళీలతో సహా. ఒక్కోదానికి కనీసం 350 ఉండాలి. ఇంగ్లీషులో 600-700 మాటలకి అయిపోతుంది, అందుకే చోటు వృథా చెయ్యకు. బస్సు కథ ఒక జవాబులోనే చెప్పు, మిగతా రెండింట్లో మళ్లీ తిప్పకు. ఒకే స్టేట్‌మెంట్ నువ్వు ఎంచుకున్న ఐదు చోట్లకీ వెళ్తుంది కాబట్టి, ఏ యూనివర్సిటీ పేరూ ఎత్తి పొగడకు. ఆక్స్‌ఫర్డ్‌కో కేంబ్రిడ్జికో పెట్టాలనుకుంటే గడువు అక్టోబరు 15, మిగతావాటికంటే చాలా ముందు.

మీ అన్నయ్య అమెరికాకి రాసిన వ్యాసాన్ని నమూనాగా పెట్టుకోకు. కామన్ యాప్‌లో, అంటే అక్కడి చాలా కాలేజీలకి కలిపి పెట్టే దరఖాస్తులో, ఆ 650 మాటల్లో వాళ్లు మనిషెవరో తెలుసుకోవాలని చూస్తారు. అందుకే వాడు వంటింటి కబుర్లు రాసినా చెల్లింది. నువ్వు పెడుతున్న చోట సబ్జెక్టు గురించి నీ ఆలోచన ఎలా నడుస్తుందో చూస్తారు. డిబేట్ కప్పు, డాన్సు సర్టిఫికెట్ ఒక వాక్యంలో సర్దెయ్, కుదరకపోతే తీసెయ్.

రెండో ప్రశ్నకి సిలబస్ జాబితా ఇవ్వకు. అది మార్కుల పత్రంలో ఉంటుంది. ఒక పాఠం తీసుకుని, అందులో నీకు మొదట తప్పుగా అర్థమైంది ఏంటో, తర్వాత ఎలా సరైందో రాయి. సంభావ్యత విషయంలో నువ్వు మా ఇంటికొచ్చి నాతో పోట్లాడిన సాయంత్రం ఒకటుంది చూడు, నేనే ఓడిపోయింది, అది బాగా పనికొస్తుంది.

చదవని పుస్తకం పేరు మాత్రం పెట్టొద్దు. నా వయసులో చెప్పుకోవడానికి సిగ్గెందుకు, నేను పెట్టాను. ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్న ఆవిడ నవ్వుతూ, "చివరి అధ్యాయంలో రచయిత తన మాట తానే మార్చుకున్నాడు కదా, మీరేమంటారు?" అంది. నేను నలభై పేజీల దగ్గరే ఆపేశాను. నాలుక పిడచకట్టుకుపోయింది. సీటూ రాలేదు. నువ్వు రాసిన మూడు పుస్తకాల్లో పూర్తిగా చదివింది ఏదో నాకు తెలుసు. అదొక్కటే ఉంచు, అందులో నువ్వు ఒప్పుకోని మాట ఒకటి రాయి.

భాష గురించి టెన్షన్ పడకు. పెద్ద పెద్ద మాటలు తీసేసి, గట్టిగా చదివి చూడు. ఎక్కడ నీకే నవ్వొస్తుందో అక్కడ మార్చు.

ఆదివారం లోపు కొత్త డ్రాఫ్ట్ పంపు. ఆ బస్సు లెక్కలు రాసుకున్న నోట్‌బుక్ పారెయ్యకుండా ఉంటే ఫోటో తీసి పంపు, నాకు చూడాలని ఉంది.

పెదనాన్న