ఘాట్ రోడ్డు ఎక్కబోయే మనవరాలికి, గేర్ల లీవర్ల గురించి

నెల్లిమర్ల

చిరంజీవి బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

నువ్వు విశాఖపట్నంలో రోడ్ బైకు, అదే వంపు హ్యాండిల్ ఉన్న గేర్ల సైకిలు, కొనబోతున్నావనీ, చలికాలంలో స్నేహితులతో కలిసి శృంగవరపుకోట మీదుగా అరకు దాకా తొక్కుకుంటూ వెళ్లాలనుకుంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల ఆ కొండ ఎక్కబోతోందంటే నా ఛాతీ పొంగిందమ్మా. అయితే పాత బండి ఒకటి చవకగా వస్తోందనీ, దాని గేర్ల లీవర్లు హ్యాండిల్ మీద కాక ఫ్రేములో కిందికి వాలిన గొట్టానికి బిగించి ఉన్నాయనీ కూడా చెప్పింది. ఆ మాట విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు. ఫోనులో రెండు ముక్కలు చెబితే నువ్వు "సరే తాతయ్యా" అని పెట్టేస్తావు కనుక ఉత్తరం రాస్తున్నాను.

హెల్మెట్ పెట్టుకో, ముందూ వెనకా లైట్లు పెట్టించు, నీ ఎత్తుకు సరిపడే ఫ్రేమే తీసుకో. ఇవి నీకు తెలిసినవే. ఇక గేర్ల సంగతి. గేర్లు ఎన్ని ఉన్నాయని అందరూ అడుగుతారు. గేరు మార్చే క్షణంలో నీ చేతులు ఎక్కడ ఉంటాయని అడిగేవాళ్లు తక్కువ. నాకు అదే ముఖ్యం.

మీ చిన్నతాత ఎడమ భుజం దగ్గర ఎముక ఎత్తుగా కనిపిస్తుంది కదా, బస్సుకు అడ్డం పడ్డప్పుడు విరిగిందని మీ అందరికీ తెలుసు. ఎందుకు పడ్డాడో మీకెవరికీ సరిగ్గా తెలియదు. అప్పట్లో వాడి దగ్గర కింది గొట్టం మీద రెండు లీవర్లున్న విదేశీ బండి ఉండేది. ఆ లీవర్లు టక్కుమని ఒక చోట ఆగేవి కావు. ఎంత లాగితే చైను ఎంత జరుగుతుందో చేతికే అలవాటు కావాలి. బొడ్డవర దాటి ఘాట్ మొదలయ్యాక ఒక మలుపు దగ్గర వాడు గేరు తగ్గించడం ఆలస్యం చేశాడు. కాళ్లు తేలిగ్గా తిరుగుతున్నప్పుడే మార్చుకోవలసింది, ఒంటి బరువంతా పెడలు మీద వేసి తొక్కవలసిన స్థితి వచ్చేదాకా ఆగి, అప్పుడు కుడి చెయ్యి హ్యాండిల్ వదిలి, మోకాలి పక్క నుంచి కిందికి వంగి లీవరును వెనక్కి లాగాడు. బిగువు మీద ఉన్న చైను కదలలేదు. కదలలేదని ఇంకా లాగాడు. చైనును ఒక పళ్లచక్రం మీది నుంచి ఇంకోదాని మీదికి జరిపే వెనక డిరైలరు, హద్దు దాటి లోపలికి పోకుండా ఆపే స్క్రూ సరిగ్గా బిగించి లేదు. చైను, ఎత్తు తేలిగ్గా ఎక్కించే అన్నిటికంటే పెద్ద పళ్లచక్రాన్ని కూడా దాటిపోయి, దానికీ చక్రం పుల్లలకూ మధ్య ఇరుక్కుంది. వెనక చక్రం పట్టేసింది. ఒంటి చేత్తో పట్టుకున్న హ్యాండిల్ మెలి తిరిగి, బండి రోడ్డు మధ్యకు పోయి ఎడమ పక్కకు పడింది. పై నుంచి దిగుతున్న బస్సు డ్రైవరు చూసి ఆపాడు గనుక వాడు మనకు మిగిలాడు. నేను వెనక నుంచి పరుగెత్తి వెళ్లేసరికి భుజం పట్టుకుని కూర్చుని, "అన్నయ్యా, చైను చూడు" అన్నాడు. చైను ఇరుక్కున్న చోట పుల్లల మీద ఎలుక కొరికినట్టు గాట్లు పడి ఉన్నాయి.

తప్పంతా లీవరుదే అనను. ఆలస్యంగా మార్చడం, స్క్రూ చూసుకోకపోవడం వాడి తప్పులు, అవి ఏ లీవరుతోనైనా చేయవచ్చు. అందుకని ఎత్తు ఎదురుగా కనిపిస్తుండగానే గేరు తగ్గించు, మార్చే క్షణంలో కాలి బలం కాస్త సడలించు. కానీ రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉండి ఉంటే వాడు బండిని నిలబెట్టుకునేవాడేమో అని ఇప్పటికీ అనుకుంటాను. ఆ పాత లీవర్లు తేలిక, అంత సులువుగా చెడిపోవు, వైరు బయటికే కనిపిస్తుంది. వాటిని మెచ్చుకునేవాళ్ల మాటలో న్యాయముంది. లారీలూ బస్సులూ తిరిగే ఘాట్ మీద, కొత్తగా నేర్చుకునే పిల్లకు మాత్రం అవి వద్దు. ఆ చవక బండి మాట మర్చిపో. హ్యాండిల్ చివర్లలో బిగించే లీవర్లు దూర ప్రయాణాలకు మంచివే, చెయ్యి హ్యాండిల్ మీదే ఉంటుంది, కానీ బ్రేకును వదలవలసి వస్తుంది.

సైకిలు గేర్లూ బ్రేకులూ చేసే కంపెనీల్లో 1990లో షిమానో వాళ్లు బ్రేకునూ గేరునూ ఒకే లీవరులో కలిపి తెచ్చారు, 1992లో కాంపాగ్నోలో వాళ్లు తమ పద్ధతి తెచ్చారు. షిమానోలో బ్రేకు లీవరునే లోపలికి పక్కగా నెడితే చైను పెద్ద పళ్లచక్రం మీదికి వెళుతుంది, దాని వెనక ఉన్న చిన్న లీవరును నెడితే చిన్నదాని మీదికి దిగుతుంది. కాంపాగ్నోలోలో బ్రేకు లీవరు బ్రేకుకే పరిమితం; గేర్లకు దాని వెనక ఒక లీవరు, లోపలి వైపు బొటనవేలికి ఒక మీట ఉంటాయి. స్రామ్ కంపెనీ పద్ధతిలో గేర్ల లీవరు ఒక్కటే, కొంచెం నెడితే ఒక వైపు, ఎక్కువ నెడితే రెండో వైపు. మూడూ మంచివే. మన దగ్గర సులువుగా దొరికేవీ, చిన్న షాపువాడు కూడా బాగుచేయగలిగేవీ షిమానోవి కనుక నీకు అవే చెబుతాను.

అందులోనూ ఒక మెలిక ఉంది. షిమానోలోనే టూర్నీ అనే రకం రోడ్ లీవర్లలో చిన్న లీవరుకు బదులు పక్కన బొటనవేలి మీట ఉంటుంది. చేతులు హ్యాండిల్ పైభాగాన ఉన్నప్పుడు అది బాగానే అందుతుంది. అరకు నుంచి తిరిగి దిగేటప్పుడు నువ్వు హ్యాండిల్ వంపు కింది భాగం పట్టుకుంటావు, బ్రేకు మీద పట్టు అక్కడే ఎక్కువ. అక్కడి నుంచి ఆ మీట అందదు. చెయ్యి పైకి తీయాలి. నా భయమంతా మళ్లీ అక్కడికే వచ్చింది, చూశావా? అందుచేత కొంచెం డబ్బు ఎక్కువైనా, వెనక ఎనిమిది పళ్లచక్రాలుండే క్లారిస్ రకం గానీ, తొమ్మిదుండే సోరా రకం గానీ షిమానో గేర్లున్న బండి చూడు. తక్కువ పడితే మీ అమ్మమ్మకు తెలియకుండా నేను పంపుతాను. ముందు చిన్న చక్రానికి 34 పళ్లు, వెనక పెద్దదానికి 32 ఉంటే అనంతగిరి ఎత్తుకు నీ కాళ్లు తట్టుకుంటాయి. నీ చేతులు చిన్నవి, మీ అమ్మ చేతుల్లాగే. కింది వంపు పట్టుకుని రెండు వేళ్లతో బ్రేకు నొక్కి చూసి, అందకపోతే లీవరును దగ్గరికి జరిపించు.

ఇక వైరు. నేను మిల్లులో ఫిట్టరుగా చూసిన తీగతాళ్లు ఏవీ ఒక్కసారిగా తెగలేదు, పోగు వెంట పోగు తెగేవి. గేరు వైరూ అంతే, లీవరు లోపల తల దగ్గర వంగే చోట, కంటికి కనిపించకుండా తెగుతుంది. గేరు బద్ధకంగా మారుతున్నా, సరిచేసిన కొద్దిరోజులకే మళ్లీ తప్పుతున్నా వైరు మార్చించు. భీమిలి వైపు ఉప్పుగాలిలో తిరుగుతావు కనుక ఏడాదికొకసారి ఎలాగూ మార్చించు. వెనక వైరు తెగితే చైను అన్నిటికంటే చిన్న చక్రం మీదికి జారిపోతుంది, దానితో ఘాట్ ఎక్కలేవు. అప్పుడు డిరైలరు బయటి హద్దు స్క్రూను లోపలికి తిప్పితే ఒకటి రెండు చక్రాల మేర పైకి వచ్చి నిలుస్తుంది, దిగిరావడానికి చాలు. సంచిలో ఒక వైరు ఉంచుకో. బ్రేకు వైరు దీనికంటే లావు, పనికిరాదు.

బ్యాటరీతో నడిచే గేర్లు కొనమని నీ స్నేహితుడెవరో అన్నాడట. 2009లో షిమానో రోడ్ బైకులకు తెచ్చినప్పటి నుంచీ వాటి గొప్ప వింటూనే ఉన్నాను, వేలితో తాకితే మారతాయి, వైరు తెగే బాధ లేదు. కానీ ఆ ఖరీదుకు మంచి బండి ఒకటి వస్తుంది, చార్జింగు మర్చిపోవడం నీకు ఫోనుతోనే అలవాటు. ఇప్పుడు వద్దు తల్లీ.

బండి చూడటానికి వెళ్లే ముందు రోజు నాకు చెప్పు, ఉదయం బస్సుకే వస్తాను. నువ్వు తొక్కుతుంటే గేరు మారే చప్పుడు నేను వినాలి.

ఆశీస్సులతో,
తాతయ్య