నలభై నాలుగేళ్లకే మతిమరుపా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. ఉండేది అనంతపురంలో. కళ్యాణదుర్గం రోడ్డులో ఒక పల్లె బడిలో టీచర్‌ని. మా ఆయనకు బళ్లారిలో పని. శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లారుజామున పోతాడు. పెద్దోడు పదో తరగతి, పాప ఐదు. అత్తమ్మకు షుగరు, బీపీ. ఏడాదిగా నాకు మతిమరుపు ఎక్కువైంది. స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోతున్నా, రెండు గిన్నెలు మాడిపోయాయి. అత్తమ్మకు రాత్రి మాత్రలు ఇచ్చానో లేదో గుర్తుండక ఒకరోజు రెండుసార్లు ఇచ్చేశాను. పెద్దోడి పరీక్ష ఫీజు గడువు దాటిపోయి ఫైన్‌తో కట్టాం. ఏదో తేవాలని గదిలోకి పోయి, ఎందుకొచ్చానా అని నిలబడతా. మూడేళ్ల కింద థైరాయిడ్ అన్నారు. ఆ మాత్ర కూడా వారంలో రెండు మూడు రోజులు మర్చిపోతా. పడుకునేసరికి పదకొండున్నర, కొళాయి నీళ్లకు నాలుగున్నరకే లేవాలి. మా జేజి చివరి రోజుల్లో మమ్మల్ని ఎవరినీ గుర్తుపట్టలేదు. నాకూ అదే మొదలైందా? మా ఆయనేమో 'నీకు ఇంటి మీద ధ్యాస లేదు' అంటాడు.
ఒక టీచర్, అనంతపురం

జవాబు: అమ్మా, ముందు మీ భయం సంగతి చూద్దాం. మీరు రాసినవాటిలో మీ జేజికి వచ్చినట్టున్న మతిమరుపు జబ్బును (డిమెన్షియా) గుర్తుచేసేది ఒక్కటీ కనిపించలేదు. పాలు మర్చిపోయిన సంగతి మీకు తెలుసు, ఫీజు గడువు దాటిన సంగతీ తెలుసు, ఎప్పటి నుంచి ఇలా ఉందో కూడా వరసగా రాశారు. ఆ జబ్బు మొదలైనవాళ్లు చాలామంది తమకేమీ కాలేదనే అంటారు. కంగారుపడేది ఇంట్లోవాళ్లు. రోజూ తిరిగే సప్తగిరి సర్కిల్‌లో నిలబడి ఇంటికి ఎటు పోవాలో తెలియకపోవడం, అడిగిన మాటే పది నిమిషాల్లో మూడోసారి అడగడం, ఏళ్ల తరబడి పెట్టిన చారులో ఏది ముందో ఏది వెనకో తప్పిపోవడం, ఇట్లాంటివి ఇంట్లోవాళ్లు గమనిస్తే అప్పుడు ఆలోచించాలి. 65 దాటకముందే ఆ జబ్బు రావడం అరుదు. ముసలితనంలో జేజికి వచ్చిందంటే మనవరాలికి అవకాశం కొంచెం పెరగొచ్చేమో గానీ, 44కే వచ్చేస్తుందని కాదు. బెంగళూరు నిమ్హాన్స్‌కు పరిగెత్తాల్సిన పనీ, మెదడు స్కాన్ తీయించాల్సిన పనీ ఇప్పుడు లేవు. ఉన్నట్టుండి ఒక్కపూటలో మాట తడబడి, మూతి వంకరపోయి, చెయ్యి పట్టు తప్పితే మాత్రం అది మతిమరుపు కాదు, పక్షవాతం. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

మీ ఉత్తరంలో అసలు చూడాల్సిన వాక్యం థైరాయిడ్ మాత్రది. మీరు దాన్ని మధ్యలో, ఏదో గుర్తొచ్చినట్టు రాశారు. థైరాయిడ్ తక్కువైతే మనసు మందగిస్తుంది, మాట దొరకదు, చదివింది నిలవదు, నిద్రపోయినా బడలిక పోదు. మాత్ర మర్చిపోతే మరుపు పెరుగుతుంది, మరుపు పెరిగితే మళ్లీ మాత్రే మర్చిపోతారు. మొదట తెంచాల్సిన ముడి ఇదే.

సీసా బాత్రూంలోనూ, వంటింట్లో స్టవ్ పక్కనా పెట్టకండి. తేమకు, వేడికి మందు చెడుతుంది. తలగడ పక్క బల్ల మీద ఒక మూత గ్లాసులో నీళ్లు, దాని పక్కనే సీసా ఉండాలి. నాలుగున్నరకు అలారం ఆపిన చెయ్యే సీసా అందుకోవాలి. మాత్ర వేసుకున్నాక మూత గట్టిగా బిగించి సీసాను తలకిందులుగా నిలబెట్టండి. రాత్రి పడుకోబోతూ మళ్లీ మామూలుగా తిప్పి పెట్టండి. పొద్దున ఏడు గంటలకు 'వేసుకున్నానా?' అనే అనుమానం వస్తే జ్ఞాపకాన్ని అడగక్కర్లేదు, సీసాను చూస్తే చాలు. మాత్రకూ కాఫీకీ మధ్య అరగంట నుంచి గంట దాకా ఉండాలి. కాల్షియం, ఐరన్ మాత్రలు వాడుతుంటే వాటిని నాలుగు గంటలు దూరం పెట్టండి. లేకపోతే మందు సరిగా ఒంటికి పట్టదు. పొద్దున కుదరనే కుదరదనుకుంటే, రాత్రి తిన్న మూడు గంటల తర్వాత వేసుకునే పద్ధతి కూడా ఉంది. డాక్టరుతో మాట్లాడి మార్చుకోండి.

టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్షకు ఈ వారమే పోకండి. వారానికి మూడు మాత్రలు ఎగ్గొట్టి పరీక్ష చేయిస్తే అంకె ఎక్కువొస్తుంది (ఇందులో అంకె పెరిగితే థైరాయిడ్ తక్కువైనట్టు). డాక్టరు మోతాదు చాలలేదనుకుని పెంచుతారు. ఆ తర్వాత మీరు రోజూ వేసుకోవడం మొదలుపెడితే మందు ఎక్కువై గుండెదడ పట్టుకుంటుంది. ఆరు వారాలు ఒక్కరోజు తప్పకుండా వేసుకుని, అప్పుడు చేయించండి. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకు రెండు మూడు రోజుల ముందు ఆపండి. అవి థైరాయిడ్ రిపోర్టును తప్పుదారి పట్టిస్తాయి.

ఇప్పుడే చేయించాల్సినవి మూడు: రక్తం లెక్క (సీబీసీ), విటమిన్ బీ12, పరగడుపున షుగరు. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనతే. నలభైల్లో ముట్టు ఎక్కువ రోజులు పోతుంటే అది సులభంగా పదికి దిగుతుంది. రిపోర్టులో బీ12 అంకె (pg/mLలో) 200 కంటే తక్కువుంటే లోపమనీ, 200 నుంచి 300 మధ్య ఉంటే అనుమానమనీ లెక్క. మాంసం, గుడ్లు తిననివాళ్లలో, షుగరుకు మెట్‌ఫార్మిన్ గానీ గ్యాస్‌కు రోజూ పాంటోప్రజోల్ లాంటి మాత్ర గానీ ఏళ్ల తరబడి మింగేవాళ్లలో ఇది తగ్గుతుంది. మందుల షాపులో అడిగి బీ కాంప్లెక్స్ వేసుకుని ఆ తర్వాత పరీక్షకు పోతే అసలు సంగతి దాగిపోతుంది. పరీక్ష ముందు, మాత్ర తర్వాత. జలుబుకనీ నిద్రకనీ రోజూ ఏదైనా మాత్ర మింగే అలవాటుంటే అదీ డాక్టరుకు చూపించండి, కొన్ని మరుసటి రోజంతా మత్తుగా ఉంచుతాయి. జ్ఞాపకశక్తి పెంచుతామనే సీసాలకు డబ్బు పెట్టకండి. బాదం పప్పులు తినండి, మంచివే, కానీ వాటితో ఈ చిక్కు విడిపోదు.

ముట్టు క్రమం తప్పిందా, రాత్రిపూట ఒళ్లు వేడెక్కి చెమటతో మెలకువ వస్తోందా అన్నది మీరు రాయలేదు. వస్తుంటే దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మన దేశంలో ముట్టు ఆగే వయసు సగటున 46 దగ్గర. అంతకు ముందు కొన్నేళ్లు కొత్త సంగతులు మనసుకెక్కడం నెమ్మదిస్తుంది, చాలామందిలో తర్వాత మళ్లీ సర్దుకుంటుంది.

నిద్ర ఐదు గంటలు. ఇది చాలదు. పగలు విన్నవీ చదివినవీ మెదడులో కుదురుకునేది నిద్రలోనే. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు కావాలి. నీళ్ల టైము మీ చేతిలో లేదు కాబట్టి జరపాల్సింది పడుకునే టైమునే. ఒక్కసారిగా తొమ్మిదిన్నరకు పడుకోవాలని చూస్తే నిద్ర పట్టదు. వారానికి ఇరవై నిమిషాలు ముందుకు జరపండి. పెద్దోడు కొళాయి తిప్పి బిందెలు పట్టగలడు కదా, వారంలో రెండు రోజులు వాడికి వదలండి. పదో తరగతి అయితే నీళ్లు పట్టకూడదని ఎక్కడా లేదు.

ఇక పాలు, ఫీజు, గదిలో నిలబడిపోవడం. మనిషి ఒక్కసారికి మనసులో పట్టుకోగలిగేది మూడు నాలుగు సంగతులే. స్టవ్ వెలిగించేటప్పుడు మీ తలలో బస్సు టైము, పాప రికార్డు, బడిలో మధ్యాహ్న భోజనం లెక్క, అత్తమ్మ టిఫిన్ ఉంటే, పాల సంగతి లోపలికి పోనే పోలేదు. పోనిది గుర్తెట్లా వస్తుంది? కాబట్టి జ్ఞాపకశక్తిని పెంచుకునే కసరత్తులు వద్దు. తలలో మోసేవాటిని తల బయట పెట్టే పద్ధతులు చూడండి.

పాలకు అన్నిటికంటే చవకైన ఉపాయం గరిటె. స్టవ్ మీద ఏదైనా ఉండగా వంటింటి గడప దాటాల్సి వస్తే గరిటె చేతిలో పట్టుకునే దాటండి. బట్టలు మడతపెట్టబోతే చేతికి అడ్డమొస్తుంది, అడ్డమొచ్చినప్పుడే స్టవ్ గుర్తొస్తుంది. దాన్ని మంచం మీద పడేసి పని మొదలుపెడితే ఉపాయం అక్కడే చెడుతుంది, పెట్టేట్టయితే వెనక్కి వంటింట్లోనే పెట్టాలి. కుక్కరుకు కూతలు లెక్కపెట్టకండి, మధ్యలో ఎవరో పిలుస్తారు. మొదటి కూత రాగానే మంట తగ్గించి ఫోన్‌లో నిమిషాలు పెట్టండి. గదిలోకి పోయి నిలబడిపోవడం అందరికీ ఉండేదే. లేచేటప్పుడు 'కత్తెరకు పోతున్నా' అని పైకి అనండి. అప్పటికీ మర్చిపోతే లేచిన చోటికే తిరిగిపోండి, చాలాసార్లు అక్కడ గుర్తొస్తుంది. బడిలో మార్కులు కూడేటప్పుడు ఎవరైనా పిలిస్తే తలెత్తకముందే అక్కడిదాకా అయిన మొత్తాన్ని పెన్సిల్‌తో పక్కన రాసి, తర్వాత మాట్లాడండి.

అత్తమ్మ మాత్రలు మాత్రం ఉపాయాలతో సరిపెట్టే సంగతి కాదు. షుగరు మాత్రల్లో గ్లిమెపిరైడ్ లాంటివి రెండోసారి పడితే రక్తంలో చక్కెర ప్రమాదంగా దిగిపోతుంది. ఇకమీదట ఇచ్చానో లేదో తెలియకపోతే ఇవ్వకండి, షుగరు చూసి డాక్టరుకు ఫోన్ చేయండి. పొరపాటున రెండుసార్లు పడి చెమట, వణుకు, మాటలో తేడా కనిపించినా, మిషన్‌లో 70 కంటే తక్కువ చూపించినా మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా 108 పిలవాలి. ఒకసారి పెరిగిన చక్కెర గంటల తర్వాత మళ్లీ పడొచ్చు, అందుకని డాక్టరుకు చెప్పకుండా ఆ రాత్రి పడుకోబెట్టొద్దు.

ఇలా జరగకుండా ఉండాలంటే వారం డబ్బా కొనండి, ఏడు రోజులకు పూటపూటకూ అరలున్నది. ఆదివారం మధ్యాహ్నం డాక్టరు చీటీ ఎదురుగా పెట్టుకుని నింపాలి. నింపేది మీరు కాదు, మీ ఆయన. వాళ్లమ్మ మాత్రలు, ఆయనుండే రోజు. అర ఖాళీగా ఉంటే ఇచ్చినట్టు, మాత్ర ఉంటే ఇవ్వనట్టు. స్ట్రిప్ కత్తిరించి అరల్లో వేస్తే పేరూ గడువు తేదీ ఉన్న వైపు చివరిదాకా మిగిలేట్టు కత్తిరించాలి. అత్తమ్మకు చూపు సరిగా ఆనకపోతే ఆ రేకు ముక్కలతో సహా మింగే ప్రమాదముంది, అప్పుడు విడి మాత్రలే వేయండి.

ఫోన్‌లో అలారాలు పెట్టుకునే ఉంటారు. నాలుగైదు దాటితే చెవికి అలవాటైపోయి చెయ్యి దానంతటదే ఆపేస్తుంది. నిజంగా తప్పకూడనివి మాత్రమే ఉంచి, ఒక్కోదానికి చేయాల్సిన పనినే పేరుగా పెట్టండి: 'అత్తమ్మకు రాత్రి అర తెరువు'. మీరు ఆ పని చేయగలిగిన చోట ఉండే టైముకే మోగాలి. బస్సులో మోగితే ఏం లాభం? పని చేతిలోకి తీసుకున్నాకే ఆపండి.

బడి వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే తేదీలు చదివి 'తర్వాత చూద్దాం' అనుకుంటే పోయినట్టే, సాయంత్రానికి వాటి మీద నూరు గుడ్ మార్నింగ్‌లు పడి ఉంటాయి. తేదీ ఉన్న మెసేజ్ కనిపించగానే చిన్న నోటుపుస్తకంలో రాయండి. ఇంటికి రాగానే వంటింటి గోడ మీదున్న తిథుల క్యాలెండర్‌లోకి ఎక్కించండి. గడువు రోజు దగ్గర కాదు, గడువుకు మూడు రోజుల ముందు గడిలో. నోటుపుస్తకంలో రోజుకు మూడు పనులకు మించి రాయొద్దు. ఒక పని మూడు రోజులు వరసగా జరిగి జరిగి వస్తుంటే దానికి తేదీ వేయండి, లేదా ఇంకొకరికి ఇవ్వండి, లేదా కొట్టేయండి. పుస్తకం ఒకటే ఉండాలి. బడికొకటి, ఇంటికొకటి పెట్టుకున్నవాళ్లు ఆ రెండింటినీ వెతుక్కుంటూ ఉంటారు.

మీ ఆయన మాటకొస్తే, ఆయన వారంలో ఒక్క రోజు ఇంట్లో ఉండి మిగతా ఆరు రోజుల మీద తీర్పు చెబుతున్నారు. కోపంగా పోట్లాడటం కంటే పని పేరు పెట్టి అప్పజెప్పడం మేలు. 'గుర్తు చేయి, చేస్తా' అంటారు. గుర్తుపెట్టుకోవడమే కదా మీ బరువు. అది మీ దగ్గరే ఉంటే ఆయన చేసింది సగమే. గ్యాస్ బుకింగ్, కరెంటు బిల్లు, పిల్లల ఫీజులు, ఈ మూడూ బళ్లారి నుంచి ఫోన్‌లో అయ్యేవే. ఆదివారం భోజనాలయ్యాక, పిల్లలు పక్కన లేనప్పుడు ఇట్లా చెప్పండి: 'ఈ మూడు ఇక నీవి. తేదీలు క్యాలెండర్‌లో ఉన్నాయి, ఫోటో తీసుకుని పో. నేను గుర్తు చేయను.' చెప్పాక నిజంగానే గుర్తు చేయకండి. పరీక్ష ఫీజు లాంటిది పిల్లాడి చదువుకు అడ్డం, దాన్ని ఈ ఏడాదికి ఇద్దరూ కలిసి చూసుకోండి. గ్యాస్ మాత్రం ఒకసారి అయిపోతే అయిపోనివ్వండి. రెండో సిలిండర్ ఉంటే ఇంకా ధైర్యంగా ఊరుకోవచ్చు.