స్నూకర్ సీజన్ క్యాలెండర్ అర్థం కావట్లేదు, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇది: స్నూకర్ ఈ మధ్యే చూడటం మొదలుపెట్టారు, దాదాపు ప్రతి వారం ఏదో ఒక టోర్నమెంట్ కనిపిస్తోంది, కానీ ఏది పెద్దదో, ఒకదాన్లో ఉన్న ఆటగాడు ఇంకోదాన్లో ఎందుకు ఉండడో తెలియట్లేదు. జీవితంలో ఒక్కసారి నేరుగా వెళ్లి చూడాలంటే ఏది ఎంచుకోవాలి?

ఈ తెలియకపోవడం వల్లే నేను ఒకసారి సెలవు, డబ్బు రెండూ పోగొట్టుకున్నాను. కాబట్టి ఆ కథతోనే మొదలుపెడతాను.

ఉద్యోగం కోసం కొన్నేళ్లు ఇంగ్లండ్‌లో ఉన్నాను. 2020 ఫిబ్రవరిలో సౌత్‌పోర్ట్‌లో ప్లేయర్స్ చాంపియన్‌షిప్ ఉందని తెలిసి, ముందుగానే టికెట్లు కొని, ఆఫీసులో సెలవు పెట్టాను. కారణం ఒక్కటే, రోనీ ఒసల్లివన్. అంతకుముందు 2018లో, 2019లో ఆ టోర్నీ గెలిచింది ఆయనే. వరుసగా రెండేళ్లు గెలిచినవాడు మూడో ఏడు ఉండకుండా పోతాడా అనుకున్నాను. డ్రా వచ్చాక చూస్తే ఆయన పేరే లేదు. గాయమా, అలకా అని వెతికాను. రెండూ కాదు. ఆ సీజన్‌లో తక్కువ టోర్నీలు ఆడాడు, తక్కువ సంపాదించాడు, అర్హత రాలేదు. అంతే. చాంపియన్‌గా ఉన్నవాడికి కూడా ఆ టోర్నీలో కుర్చీ వేసి ఉంచరు. ఆ ఏడు జడ్ ట్రంప్ ఫైనల్లో యాన్ బింగ్‌టావోని 10-4తో ఓడించి గెలిచాడు. నేను చూసిన మ్యాచ్‌లు బాగానే ఉన్నాయి, కానీ చూడాలనుకున్నది అది కాదు కదా.

ఇంతకీ తమాషా ఏమిటంటే, ఆ సీజన్ ముగింపులో ప్రపంచ చాంపియన్ అయింది ఒసల్లివనే. కోవిడ్ వల్ల ఏప్రిల్‌లో జరగాల్సిన ప్రపంచ చాంపియన్‌షిప్ జూలై ఆఖరుకు జరిగింది. ఆగస్టులో కైరెన్ విల్సన్‌ని 18-8తో ఓడించి ఆరోసారి గెలిచాడు. ఫిబ్రవరిలో ప్లేయర్స్ చాంపియన్‌షిప్ ఆడే పదహారు మందిలో చోటు లేనివాడు ఆగస్టుకి విజేత. ఇది ఎలా సాధ్యమో అర్థమైతే మీకు క్యాలెండర్ మొత్తం అర్థమైనట్టే.

స్నూకర్‌లో రెండు లిస్టులు నడుస్తుంటాయి. ఒకటి అసలు ప్రపంచ ర్యాంకింగ్. ఇది గత రెండేళ్లలో ర్యాంకింగ్ టోర్నీల్లో సంపాదించిన ప్రైజ్ మనీ మొత్తం. పాయింట్ల లెక్కలు లేవు, పౌండ్లే పాయింట్లు. 2014 నుంచి ఇదే పద్ధతి. రెండోది వన్-ఇయర్ లిస్ట్. ఇందులో ఈ సీజన్ సంపాదన ఒక్కటే చూస్తారు. వరల్డ్ గ్రాండ్ ప్రీకి ఈ రెండో లిస్టులో మొదటి 32 మంది, ప్లేయర్స్ చాంపియన్‌షిప్‌కి 16 మంది వెళ్తారు. టూర్ చాంపియన్‌షిప్‌కి మొదట ఎనిమిది మందే వెళ్లేవాళ్లు, తర్వాత పన్నెండు చేశారు. నేను దెబ్బతిన్నది ఇక్కడే. నేను పెద్ద ర్యాంకింగ్ చూసుకుని ధీమాగా కూర్చున్నాను, ఆ టోర్నీ చూసేదేమో చిన్న లిస్టుని.

రెండేళ్ల లిస్టుకి ఒక క్రూరమైన గుణం ఉంది. ఈ ఏడాది ఒక టోర్నీలో గెలిచిన డబ్బు, రెండేళ్ల తర్వాత అదే టోర్నీ సమయానికి లెక్కలోంచి రాలిపోతుంది. మళ్లీ అంత సంపాదించకపోతే ర్యాంకు జారుతుంది. బెల్జియం ఆటగాడు లూకా బ్రెసెల్‌నే చూడండి. 2023 ప్రపంచ చాంపియన్‌షిప్ సెమీస్‌లో సి జియాహుయి చేతిలో 14-5తో వెనకబడి కూడా 17-15తో గెలిచాడు, ఫైనల్లో మార్క్ సెల్బీని 18-15తో ఓడించాడు. దాంతో అయిదు లక్షల పౌండ్లు లెక్కలోకి వచ్చాయి. 2025 ప్రపంచ చాంపియన్‌షిప్ అయ్యేసరికి ఆ అయిదు లక్షలు లెక్కలోంచి పోయాయి, ఆయన మొదటి పదహారు మందిలోంచి చాలా కిందికి జారాడు. అదే 2025లో జావో షింటాంగ్ అమెచ్యూర్ హోదాలో, నాలుగు క్వాలిఫయింగ్ రౌండ్లు దాటుకుని వచ్చి, ఫైనల్లో మార్క్ విలియమ్స్‌ని 18-12తో ఓడించాడు. చైనా నుంచి మొదటి ప్రపంచ చాంపియన్. లిస్టులో ఏమీ లేనివాడు ఆ ఒక్క గెలుపుతో 11వ ర్యాంకులో కొత్త సీజన్ మొదలుపెట్టాడు. ఒకే టోర్నీ ఒకరిని కిందికి దించింది, ఇంకొకరిని పైకి లాగింది.

ఇక క్యాలెండర్. సీజన్ జూన్, జూలైల్లో మొదలై మే మొదటి వారంలో షెఫీల్డ్‌లో ముగుస్తుంది. తేదీలు, ఊళ్లు ఏటా కొంత అటూ ఇటూ అవుతుంటాయి. మొదట్లో లెస్టర్‌లో ప్రేక్షకుల సందడి లేకుండా సాగే చాంపియన్‌షిప్ లీగ్ ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని వదిలేసినా పెద్ద నష్టం లేదు. తర్వాత చైనా వైపు వెళ్తారు: షాంఘై మాస్టర్స్, వుహాన్ ఓపెన్, షియాన్ గ్రాండ్ ప్రీ, ఇంటర్నేషనల్ చాంపియన్‌షిప్. 2024లో సౌదీ అరేబియాలోని జెడ్డాలో భారీ ప్రైజ్ మనీతో సౌదీ మాస్టర్స్ కూడా చేరింది. మధ్యమధ్యలో ఇంగ్లిష్, నార్దర్న్ ఐర్లండ్, స్కాటిష్, వెల్ష్ ఓపెన్లు ఉంటాయి. ఈ నాలుగింటినీ కలిపి హోమ్ నేషన్స్ అంటారు, 2016 నుంచి ఒక సిరీస్‌గా నడుపుతున్నారు. జనవరి, ఫిబ్రవరి ప్రాంతంలో బెర్లిన్‌లో జర్మన్ మాస్టర్స్. షూట్ అవుట్ అని ఇంకోటి ఉంది, మ్యాచ్ అంటే ఒక్క ఫ్రేమ్ (మ్యాచ్‌లో ఒక గేమ్), పది నిమిషాలు, ఒక్కో షాట్‌కి 15 సెకన్లు, చివర్లో పదే. సరదాకి చూడొచ్చు, కానీ దాన్ని ర్యాంకింగ్ టోర్నీ చేయడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంత నిండుగా ఎప్పుడూ లేదు. 2009-10 సీజన్‌లో మొత్తం ఆరే ర్యాంకింగ్ టోర్నీలు. 2010లో ప్రమోటర్ బారీ హెర్న్ చేతికి వచ్చాక సంఖ్య పెరిగింది. అయితే అన్నీ నిలబడలేదు. ఇండియన్ ఓపెన్ 2013లో ఢిల్లీలో మొదలైంది, ఫైనల్‌కి మన ఆదిత్య మెహతా కూడా వెళ్లాడు, డింగ్ జున్‌హుయి చేతిలో ఓడాడు. 2016లో హైదరాబాద్‌లో ఆంథొనీ మెక్‌గిల్, 2017లో విశాఖపట్నంలో జాన్ హిగిన్స్ గెలిచారు. 2019లో కొచ్చిలో జరిగాక ఆ పేరు క్యాలెండర్‌లోంచి పోయింది.

మిమ్మల్ని గందరగోళపెట్టే ఇంకో విషయం, క్వాలిఫయర్లు. చైనాలో అక్టోబర్‌లో జరిగే టోర్నీకి మొదటి రౌండు ఇంగ్లండ్‌లో, షెఫీల్డ్‌లోనో లెస్టర్‌లోనో, వారాల ముందే అయిపోవచ్చు. కింది ర్యాంకు ఆటగాళ్లు ఒక్క మ్యాచ్ కోసం అంత దూరం వెళ్లి ఓడి తిరిగి రాకూడదని ఈ ఏర్పాటు. పెద్ద పేర్లవాళ్ల మ్యాచ్‌లు కొన్నింటిని మాత్రం అసలు వేదికకి వాయిదా వేస్తారు. అందుకే ఒక్కోసారి స్కోర్లు చూస్తే టోర్నీ ఎప్పుడు మొదలైందో కూడా తెలియదు. మొదటి సీజన్ నేను ఈ విషయం పట్టించుకోకుండా, నచ్చిన ఆటగాడి కోసం చైనా టోర్నీ మొదలయ్యే దాకా ఎదురుచూశాను. ఆయన అప్పటికి నెల కిందటే ఓడిపోయి ఉన్నాడు.

ట్రిపుల్ క్రౌన్ అనే మాట వింటుంటారు. అంటే మూడు పెద్ద టోర్నీలు: యార్క్‌లో యూకే చాంపియన్‌షిప్, లండన్‌లో అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో మాస్టర్స్, షెఫీల్డ్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్. మాస్టర్స్‌కి ర్యాంకింగ్‌లో మొదటి 16 మందినే పిలుస్తారు, అక్కడ ఎంత గెలిచినా ఒక్క పౌండు కూడా ర్యాంకింగ్‌లో కలవదు. ఆ 16 మంది ఎవరో యూకే చాంపియన్‌షిప్ అయ్యాక ఖాయమవుతుంది. కాబట్టి యూకే చూసేటప్పుడు సెమీస్‌లో ఉన్నవాళ్లతో పాటు 15, 16, 17 స్థానాల్లో ఉన్నవాళ్లు ఎవరో కూడా చూసుకోండి. టెన్షన్ అక్కడ ఉంటుంది.

నాకు నిజంగా కళ్లు తెరిపించింది మాత్రం ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగే క్రూసిబుల్ థియేటర్ కాదు, దానికి ముందు అదే షెఫీల్డ్‌లో ఇంగ్లిష్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్‌లో జరిగే క్వాలిఫయర్లు. మొదటి 16 మంది నేరుగా క్రూసిబుల్‌కి వెళ్తారు, మిగతా 16 చోట్ల కోసం టూర్ అంతా, అంటే మిగిలిన ప్రొఫెషనల్ ఆటగాళ్లంతా, అక్కడ పోటీ పడతారు. ప్రతి మ్యాచ్ పది ఫ్రేమ్‌లు గెలిచినవాడిది. చివరి రౌండుని జడ్జ్‌మెంట్ డే అంటారు. పెద్ద క్రీడా హాలు, పక్కపక్కనే టేబుళ్లు, మధ్యలో అడ్డు తెరలు. ఒక టేబుల్ దగ్గర చప్పట్లు కొడితే పక్క టేబుల్ ఆటగాడు షాట్ ఆపి నిలబడతాడు.

ఇక్కడే 64 అనే అంకె మొదటిసారి నాకు పట్టింది. టూర్‌లో సుమారు 128 మంది ఉంటారు. కొత్తగా వచ్చినవాడికి టూర్ కార్డు, అంటే టూర్‌లో ఆడే హక్కు, రెండేళ్లు. ప్రపంచ చాంపియన్‌షిప్ అయ్యేసరికి మొదటి 64లో ఉన్నవాళ్లకి ఉద్యోగం ఉన్నట్టు. బయట ఉండి కార్డు గడువు తీరినవాళ్లలో వన్-ఇయర్ లిస్టు ద్వారా కొద్దిమంది బతికి బయటపడతారు, మిగిలినవాళ్లు మళ్లీ క్యూ స్కూల్‌లో (టూర్ కార్డు కోసం జరిగే అర్హత పోటీల్లో) మొదటి మెట్టు నుంచి ఆడుకుంటూ రావాలి. నేను వెళ్లిన రోజు ఒకాయన, పేరు అనవసరం, 10-8తో ఓడిపోయాడు. క్యూ విప్పి పెట్టెలో పెట్టుకున్నాడు, కానీ వెళ్లిపోలేదు. పక్క టేబుల్ స్కోరు కనపడే చోట నిలబడిపోయాడు. నా పక్కన కూర్చున్న పెద్దాయన చెప్తే తెలిసింది, ఆ పక్క మ్యాచ్‌లో ఎవరు గెలుస్తారన్నదాని మీద ఈయన 64లో ఉంటాడో లేదో ఆధారపడి ఉందని. అరగంట పైన నిలబడ్డాడు. చివరికి చిన్నగా తలూపి, పెట్టె పట్టుకుని వెళ్లిపోయాడు. ఉన్నాడా పోయాడా అని అడిగే ధైర్యం నాకు రాలేదు, ఆ రాత్రి లిస్టు తెరిచి చూసుకున్నాను. 65.

ఇక క్రూసిబుల్. 1977 నుంచి ప్రపంచ చాంపియన్‌షిప్ అక్కడే, పదిహేడు రోజులు. వెయ్యికి లోపు సీట్ల చిన్న థియేటర్. సెమీస్ దాకా రెండు టేబుళ్లు, మధ్యలో అడ్డుగోడ. మీ సీటు ఏ వైపు ఉంటే ఆ మ్యాచే కనిపిస్తుంది, రెండోది చప్పట్లను బట్టి ఊహించుకోవాలి. సెమీస్‌కి ఆ గోడ తీసేస్తారు. టికెట్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త: టికెట్ మ్యాచ్‌కి కాదు, సెషన్‌కి. ఫైనల్ 35 ఫ్రేమ్‌లు, రెండు రోజుల్లో నాలుగు సెషన్లు, పద్దెనిమిది గెలిచినవాడిది. 2020 ఫైనల్ లాగా ఏకపక్షమైతే ఆఖరి సెషన్‌లో ఒక్క ఫ్రేముతో కథ ముగుస్తుంది. మొదటి రౌండు రెండో సెషన్‌లో అయితే ఫలితం తేలడం కళ్లారా చూస్తారు, టికెట్ దొరకడం కూడా కాస్త తేలిక.

అందుకే ఒక్కసారే వెళ్లేట్టయితే నేను ఫైనల్ చెప్పను. ఏప్రిల్‌లో షెఫీల్డ్‌లో వారం రోజులు దిగండి. జడ్జ్‌మెంట్ డే ఒక రోజు, రెండు మూడు రోజుల తర్వాత క్రూసిబుల్‌లో మొదటి రౌండు ఒకటి రెండు సెషన్లు. ఆ హాల్లో తెరల మధ్య ఆడి గెలిచినవాడే ఇక్కడ పరిచయ సంగీతం మధ్య మెట్లు దిగి రావడం చూస్తారు. మీకు నచ్చిన ఆటగాడు పైన 16లో లేకపోయినా పర్వాలేదు, క్వాలిఫయర్లలోనైనా ఉంటాడు. వెళ్లే ముందు మాత్రం డ్రా చూసుకుని టికెట్ కొనండి. సౌత్‌పోర్ట్ టికెట్లు ఇప్పటికీ నా డ్రాయర్‌లో ఉన్నాయి.