ఆఖరి పది కిలోమీటర్ల లెక్క

చి. అమ్మలుకు,

పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. మార్చిలో వారం సెలవులు, నలుగురు ఆడపిల్లలు, మనిషికి మూడున్నర వేలు, గోవా. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పి తేల్చే సంగతి కాదు కాబట్టి ఉత్తరంగా రాస్తున్నాను. నిదానంగా చదివి మిగతా ముగ్గురికీ చూపించు.

ముందు గోవా సంగతి. మన లైన్లో అమరావతి ఎక్స్‌ప్రెస్ వెళ్తుంది, నిజమే. కానీ ఎక్కితే ఒక రోజు దాటాక గానీ దిగరు. రానూపోనూ కలిపితే సెలవుల్లో పెద్ద భాగం రైల్లోనే పోతుంది. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తారు. మీకు నెల కూడా లేదు కాబట్టి వెయిటింగ్ లిస్టు, లేదంటే తత్కాల్. మీ మూడున్నర వేలల్లో సగం అక్కడే పోయాక మిగిలినదానితో గది, తిండి, తిరుగుడు. అక్కడికి చేరినా ప్రతి పూటా పర్సు చూసుకునే టెన్షనే. ఉద్యోగాలు వచ్చాక వెళ్లండి, ఎక్కడికీ పోదు. ఈ ఏడాది మా వైపు రండి.

ఒడిశాలో మా బరంపురం అంటే మీకు చుట్టాలిల్లు గుర్తొస్తుంది గానీ సెలవుల ఊరులా అనిపించదని నాకు తెలుసు. మా గంజాం జిల్లాను, పక్కనున్న గజపతి జిల్లాను ఒక్కసారి తిరిగే ఊరుగా చూడండి. సముద్రం, చిలక సరస్సు, అశోకుడి శాసనం, వేడినీటి బుగ్గ, టిబెట్ వాళ్ల బౌద్ధ విహారం, అన్నీ ఒక పూట ప్రయాణంలోనే ఉన్నాయి.

నేను బళ్లో చరిత్ర చెప్పినన్నాళ్లూ పిల్లల్ని ఏటా ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్లేదాన్ని. డబ్బులేని ఇళ్ల పిల్లలు, ప్రతి రూపాయికీ వాళ్ల అమ్మానాన్నలకు లెక్క చెప్పాలి. అలా ఏళ్ల తరబడి తిప్పాక నాకు గట్టిగా తెలిసిన సంగతి ఒకటుంది. చిన్న ప్రయాణంలో డబ్బు రైలుకీ బస్సుకీ పెద్దగా కాదు. స్టేషన్లోనో బస్టాండులోనో దిగాక, చూడాల్సిన చోటికి చేరే ఆఖరి పది కిలోమీటర్లు ఉంటాయి చూడు, అక్కడ పోతుంది. అక్కడ బస్సు ఉండదు, ఎండ ఉంటుంది, ఒకే ఒక్క ఆటో ఉంటుంది. అతను అడిగినంతా ఇవ్వాల్సిందే.

అందుకని ప్లాన్ అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఒక కాగితం మీద చూడాలనుకున్న చోట్లు రాసి, ప్రతిదాని పక్కనా ఆఖరి ముక్క ఎలా వెళ్తారో రాయండి. నడకా, షేర్ ఆటోనా, బండి మాట్లాడుకోవాలా? బండి మాట్లాడుకోవాల్సినవి వారానికి రెండు మించకూడదు. మూడోది ఎంత అందమైనదైనా కొట్టెయ్యండి. కొండ మీది ఊరు దరింగ్‌బాడిని నేను అలాగే కొట్టేశాను. మూడు వేల అడుగుల ఎత్తు, చల్లగా ఉంటుంది, సొరడా మీదుగా బస్సులో వెళ్లొచ్చు. కానీ చేరాక ఒక్కో చోటికీ బండి కావాల్సిందే. ఈ డబ్బుతో వద్దు.

ఇక రోజులు. ధర ఎంత అన్నదానికంటే ఏ వారం అన్నది ముఖ్యం. తారాతారిణి అమ్మవారి గుడి ఉన్న కొండకి చైత్ర మాసం మంగళవారాల్లో జాతర. మన ఉగాది కోసం చూడకుండా మార్చి మధ్య నుంచే ఆ మంగళవారాలు మొదలవుతాయి. ఆ రోజుల్లో పురుషోత్తంపూర్ వైపు బస్సుల్లో నిలబడడానికి కూడా చోటుండదు, ఆటోల రేట్లు మారిపోతాయి. గోపాలపురం ఆదివారం వెళ్తే బీచిలో ఇసుక కంటే జనమే ఎక్కువ కనిపిస్తారు. హోలీ రోజు మాత్రం ఎక్కడికీ బయల్దేరొద్దు, బస్సులు తక్కువ, రోడ్ల మీద రంగులు, తాగినవాళ్లు.

నేననుకున్నది ఇదీ. శనివారం పర్లాకిమిడిలో గుణుపూర్–పూరీ రైలెక్కి బరంపురంలో దిగండి. జనరల్ టికెట్ చాలు, ఫోన్లోనే తీసుకోవచ్చు. మా ఇంట్లో వెనక గది ఖాళీగానే ఉంది, నలుగురూ అక్కడే పడుకోవచ్చు. గది అద్దె ఒక్క రాత్రికే అవుతుంది, అది రంభలో.

ఆదివారం జౌగడ. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకు. పురుషోత్తంపూర్ దాకా బస్సు. అక్కడ ఒక ఆటో మాట్లాడుకుని జౌగడ, తారాతారిణి రెండూ కలిపి చూడండి. 'ఆగేదానితో కలిపి ఎంత' అని ఎక్కకముందే అడగండి, లేకపోతే దిగాక వెయిటింగ్ అని ఇంకో లెక్క వస్తుంది. ఈ వారంలో మీ మొదటి మాట్లాడుకున్న బండి ఇదే.

జౌగడలో చూడ్డానికి పెద్ద కట్టడాలేమీ లేవు. మట్టికోట ఆనవాళ్లు, ఋషికుల్య నది, ఒక బండ. ఆ బండ మీద అశోకుడు బ్రాహ్మీ లిపిలో చెక్కించిన శాసనాలు. కళింగ యుద్ధంలో ఎంతమంది చచ్చారో, తనకు ఎంత పశ్చాత్తాపం కలిగిందో చెప్పే పదమూడో శాసనం ఆయన రాజ్యంలో వేరే చోట్ల చెక్కి ఉంది. యుద్ధం జరిగిన ఈ కళింగంలో మాత్రం, అటు ధౌళిలోనూ ఇటు జౌగడలోనూ, అది లేదు. దాని బదులు ఇక్కడి అధికారులకు రెండు ప్రత్యేక శాసనాలు వేయించాడు. మనుషులందరూ నా బిడ్డలే, వాళ్లను అన్యాయంగా కట్టేసి హింసించకండి అని వాటి సారాంశం. ఓడిపోయిన జనం కళ్ల ముందు ఆ చావుల లెక్క చెక్కించలేకపోయాడేమో అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. పిల్లల్ని ఆ బండ ముందు కూర్చోబెట్టి ఈ సంగతి చెబితే అల్లరి చేసేవాళ్లు కూడా మాట్లాడకుండా ఉండిపోయేవారు. మీరూ ఓ పావుగంట కూర్చోండి. సెల్ఫీ తీసుకుని వచ్చేస్తే ఆటో డబ్బులు దండగ.

తారాతారిణికి 999 మెట్లు. రోప్‌వే ఉంది గానీ మీ వయసుకు మెట్లెక్కండి. పైనుంచి ఋషికుల్య మలుపులు కనిపిస్తాయి.

సోమవారం గోపాలపురం. బరంపురానికి 16 కిలోమీటర్లు, బస్సులూ షేర్ ఆటోలూ తిరుగుతూనే ఉంటాయి, దిగితే ఎదురుగా సముద్రమే. ఆఖరి ముక్క ఖర్చు లేనిది ఇదొక్కటే అనుకో. పొద్దున్నే వెళ్లి ఎండ ముదరకముందే వచ్చెయ్యండి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. అక్కడి అలలు ప్రశాంతంగా కనిపిస్తూనే లాగేస్తాయి. మోకాళ్లు దాటి దిగొద్దు. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న జాలరుల్లో చాలామంది తెలుగువాళ్లే. 'ఈరోజు నీళ్లెలా ఉన్నాయి బాబాయ్' అని అడగండి, వాళ్లు వద్దంటే దిగకండి.

తాబేళ్ల గురించి అడిగావు. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయి. కానీ అవి ఏ రాత్రి వస్తాయో చెప్పడం కష్టం, కొన్నేళ్లు అసలు రాకుండానే పోతాయి. దాన్ని నమ్ముకుని తేదీలు పెట్టుకోవద్దు. మీరున్నప్పుడే వచ్చాయని తెలిస్తే అటవీశాఖ వాళ్లను అడిగి, వాళ్లు ఎంతవరకు రమ్మంటే అంతవరకే వెళ్దాం, నేనూ వస్తాను. టార్చి, ఫ్లాష్ వద్దు. నెలన్నర తర్వాత బయటికొచ్చే పిల్లలు కూడా వెలుతురు చూసి దారి తప్పిపోతాయి.

మంగళవారం పొద్దున రంభకు రైలు. జాతర జనమంతా అటు పోతే మీరు ఇటు వస్తారు. రంభ స్టేషన్ నుంచి చిలక దగ్గరే. రాత్రికి అక్కడే ఉండి బుధవారం సాయంత్రానికి ఇంటికి రండి. ఒడిశా టూరిజం వాళ్ల పంథనివాస్ హోటలు ఉంది. నలుగురికి రెండు గదులు తీసుకుంటారా, ఒకే గదిలో అదనపు మంచం వేస్తారా అని ముందే ఫోన్ చేసి కనుక్కో. ఆధార్ కార్డులు అందరూ తెచ్చుకోవాలి. చెకౌట్ 24 గంటల లెక్కా, ఫలానా టైముకే ఖాళీ చెయ్యాలా అని కూడా అడుగు. దాన్ని బట్టి పడవ టైము పెట్టుకోవచ్చు.

పడవ అద్దె మనిషికి కాదు, పడవకి. అందుకే నలుగురే ఎక్కితే ఖర్చు బరువు. పొద్దున రేవు దగ్గర కాసేపు ఆగితే ఏదో ఒక కుటుంబం వస్తుంది, వాళ్లతో కలిసి తీసుకుంటే సగానికి సగం తగ్గుతుంది. లైఫ్ జాకెట్ లేని పడవ ఎంత తక్కువకొచ్చినా ఎక్కకండి. రంభ వైపు చిన్న దీవులు, కొండలు, నిశ్శబ్దం బాగుంటాయి. చలికాలం పక్షులు మార్చికి చాలావరకు వెళ్లిపోతాయి. డాల్ఫిన్లు సాతపడా వైపు, అంటే చాలా దూరం. ఇక్కడే చూపిస్తామని ఎవరైనా ఎక్కువ డబ్బు అడిగితే వద్దని చెప్పండి. చిలకలో దీవి మీదున్న కాళీజాయి గుడి చూడాలంటే మాత్రం బాలుగావ్ స్టేషన్లో దిగి బర్కుల్ నుంచి వెళ్లాలి. రెండూ పెట్టుకోకండి.

గురువారం విశ్రాంతి. బట్టలు ఉతుక్కోండి, సాయంత్రం బజారుకెళ్దాం. అప్పడాలు, ఊరగాయలు కొనుక్కోండి. పట్టుచీరల కొట్లు చూడొచ్చు, కొనక్కర్లేదు. వారంలో ఒక రోజు ఇలా ఆగితేనే మిగతా రోజుల్లో అలసిపోయి ఆటోలకు డబ్బు తగలెయ్యరు.

శుక్రవారం తెల్లవారే మోహనా వైపు బస్సు. తప్తపాణి రోడ్డు పక్కనే ఉంది, దిగి గంధకం వాసన వేసే వేడినీటి బుగ్గ చూసి, తర్వాతి బస్సులో చంద్రగిరి. టిబెట్ వదిలి వచ్చినవాళ్లు 1963 నుంచి అక్కడ ఉంటున్నారు. పక్కన జీరంగ్‌లో పద్మసంభవ మహావిహారం కట్టుకున్నారు, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. చంద్రగిరి నుంచి విహారానికి మీ రెండో బండి. లోపల మెల్లగా మాట్లాడండి, చదువుకుంటున్న చిన్న సన్యాసుల్ని అడక్కుండా ఫొటోలు తియ్యొద్దు. మధ్యాహ్నం అక్కడే మోమోలు తినండి. ఆర్. ఉదయగిరి మీదుగా ఇటునుంచి ఇటే పర్లాకిమిడి వెళ్లిపోదామని మీకు అనిపిస్తుంది. దారి ఉంది, కానీ ఆ కొండదారిలో సాయంత్రం బస్సును నమ్ముకుని నలుగురు ఆడపిల్లలు నిలబడడం నాకు ఇష్టం లేదు. బరంపురం వచ్చేసి శనివారం రైల్లో వెళ్లండి.

డబ్బు నలుగురిదీ కలిపితే పద్నాలుగు వేలు. ఇలా విడగొట్టండి. రైళ్లు, బస్సులకు రెండున్నర వేలు. మాట్లాడుకునే బళ్లకూ పడవకూ నాలుగున్నర వేలు. రంభ గదికి రెండు వేలు. బయట తిండికి మూడు వేలు, ఎందుకంటే రాత్రి భోజనాలు చాలావరకు మా ఇంట్లోనే. మిగిలిన రెండు వేలు విడిగా కవరులో పెట్టి, జ్వరమో, తప్పిపోయిన రైలో వస్తే తప్ప ముట్టుకోవద్దు. డబ్బంతా ఒకరి దగ్గరే ఉండాలి, కవరు మాత్రం ఇంకొకరి దగ్గర. రోజూ రాత్రి పడుకునేముందు లెక్క రాయండి. వారం చివర్లో రాస్తే స్నేహాలు చెడతాయి, చాలామంది పిల్లల్లో చూశాను. చంద్రగిరి వైపు సిగ్నల్ సరిగ్గా ఉండదు, పది, ఇరవై, యాభై నోట్లు దగ్గర పెట్టుకోండి.

తిండి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పొద్దున టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ, వడ ఘుగునీతో (బఠాణీల కూర) కడుపునిండా తినండి, మధ్యాహ్నం మీల్స్. ఎండ ఎక్కువగా ఉంటే పఖాళ అడగండి, మన చద్దన్నమే, వడదెబ్బకు మంచిది. ఐదు రూపాయలకు అన్నం, దాల్మా (కూరగాయలు వేసిన పప్పు) పెట్టే ఆహార్ కేంద్రాల గురించి మీ స్నేహితురాలు చెప్పిందన్నావు. అవి రోజుకూలీ చేసుకునేవాళ్ల కోసం పెట్టినవి. మన దగ్గర డబ్బుంది, ఆ వరసలో మనం నిలబడకూడదు.

ఒక్కొక్కరికి ఒక బ్యాగు, మంచినీళ్ల సీసా, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, టోపీ. దోమల మందు మర్చిపోవద్దు, మన కొండల వైపు మలేరియా ఇంకా ఉంది.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. మిగతా ముగ్గురి అమ్మలకు నా నంబరు ఇచ్చి, ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యమను. ఈలోపు నువ్వు చెయ్యాల్సింది రంభకు ఫోన్ చేసి గది సంగతి కనుక్కోవడం, హోలీ ఏ రోజో చూసి వారం ఖాయం చెయ్యడం. తేదీలు తేలగానే రాయి, వెనక గదికి ఫ్యాను బాగుచేయించాలి.

ప్రేమతో,
మీ పెద్దమ్మ
బరంపురం